గ్రీకు దీవుల క్రూయిజ్‌: ఒడ్డు మీద మీకు మిగిలేది ఎన్ని గంటలు?

ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి బయలుదేరే మూడు, నాలుగు రాత్రుల క్రూయిజ్‌ల ప్రకటనల్లో దీవుల పేర్లు పెద్దక్షరాల్లో కనిపిస్తాయి. మైకొనోస్, పత్మోస్, రోడ్స్, క్రీట్, శాంటొరిని. ఏ రేవులో ఓడ ఎన్నింటికి ఆగి ఎన్నింటికి కదులుతుందో మాత్రం అడుగున చిన్న పట్టికలో ఉంటుంది. డబ్బు కట్టే ముందు చదవాల్సింది ఆ పట్టికే. పొద్దున క్రీట్, అదే సాయంత్రం శాంటొరిని చూపించే ప్యాకేజీలు మామూలు. అందులో మన చేతికి ఎంత సమయం చిక్కుతుందో తేల్చేది ఒకటే: ఓడ గట్టుకు ఆనుతుందా, లేక నీళ్లలోనే నిలిచి జనాన్ని టెండర్ బోట్లనే చిన్న పడవల్లో దింపుతుందా?

శాంటొరినిలో జరిగేది రెండోదే. అగ్నిపర్వతం పేలి కుంగిన చోట సముద్రం నిండింది కాబట్టి చాలామేర లంగరు అందనంత లోతు. బోటు పాత రేవులో దింపాక ఫిరా ఊరు ఇంకా 220 మీటర్ల పైన, కొండ అంచున ఉంటుంది. కేబుల్ కార్ ఒక విడతకు ఆరు క్యాబిన్లు, క్యాబిన్‌కు ఆరుగురు, మొత్తం 36 మంది. పైకి సుమారు మూడు నిమిషాలు. ఒక్క ఓడ నుంచి 2,500 మంది దిగారనుకుంటే 70 విడతలు కావాలి. తెరిపి లేకుండా నడిచినా మూడున్నర గంటల పని. దిగేటప్పుడు పరిస్థితి ఇంకా కష్టం. సూర్యాస్తమయం చూసిన జనమంతా ఒక్కసారే కిందికి మళ్లుతారు. ఆఖరి టెండర్ సమయానికి గంటన్నర ముందే క్యూలో ఉండాలి.

మెట్లు దిగిపోదామని చాలామంది అనుకుంటారు. దాదాపు 590 మెట్లు, అరిగి నున్నబడ్డ రాళ్లు, జనాన్ని మోసే గాడిదలు నడిచేదీ అదే దారి, పేడ మీద కాలు జారుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ దారి వద్దు. జంతువు బరువులో ఐదో వంతుకు, ఎంత పెద్ద జంతువైనా 100 కిలోలకు మించి మోయించకూడదని గ్రీసు 2018లో నియమం పెట్టింది. నియమం ఉన్నా లేకున్నా, ఆ ఎండలో వాటిని ఎక్కకండి.

ఓడవాళ్లు అమ్మే టూర్లు సాధారణంగా ఖరీదే అయినా ఇక్కడ మాత్రం డబ్బుకు తగ్గ ఫలితం ఉంది. ఆ టికెట్ ఉన్నవాళ్లను మామూలుగా అథినియోస్ అనే వేరే రేవులో దించి బస్సెక్కిస్తారు కాబట్టి పైకెళ్లే క్యూ తప్పుతుంది. ఆ టూరే ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా దీవి కొసనున్న ఓయా ఊరికి వెళ్లి ఆలస్యమైతే ఆగదు.

2025 జూలై నుంచి గ్రీసు క్రూయిజ్ ప్రయాణికుల మీద ప్రత్యేక రుసుము వేసింది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా శాంటొరిని, మైకొనోస్‌లలో తలకు 20 యూరోలు, మిగతా రేవుల్లో 5. దీంతో రద్దీ తగ్గుతుందన్న మాట నిలబడదు. లక్షలు పెట్టి వచ్చినవాళ్లు రెండు వేల రూపాయలకు వెనక్కి తగ్గరు. పనికొచ్చేది శాంటొరిని పెట్టుకున్న పరిమితి, అంటే రోజుకు 8,000 మంది క్రూయిజ్ ప్రయాణికులు. అదీ ఎక్కువే. వాళ్లలో సగం మందే కేబుల్ కార్ ఎక్కినా, పైకి చేర్చడానికే ఐదున్నర గంటలు పడుతుంది. ఆ సంఖ్య ఇంకా దిగాలి.

మైకొనోస్‌లో ఇబ్బంది గాలితో. జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్టెమి అనే బలమైన గాలి రోజుల తరబడి వీస్తుంది. కెప్టెన్ రేవును దాటవేస్తే ఒప్పందం ప్రకారం సాధారణంగా రేవు పన్ను మాత్రమే వెనక్కి వస్తుంది. సెప్టెంబర్ చివర గాలి నెమ్మదిస్తుంది, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి.

క్రూయిజ్‌కు నిజంగా సరిపోయేది రోడ్స్. ఓడ కోటగోడ పక్కనే ఆనుతుంది, దిగిన కాసేపటికే మధ్యయుగపు వీధుల్లో ఉంటాం. క్రీట్‌లో హెరాక్లియన్ కూడా అంతే, క్నోసోస్ అనే ప్రాచీన రాజభవన శిథిలాలు అక్కణ్నుంచి ఐదు కిలోమీటర్లే.

మనవాళ్లు వీసా దగ్గర ఒకటి తప్పక చూసుకోవాలి. చాలా ఓడలు మధ్యలో టర్కీలోని కుషదాసికి వెళ్తాయి. అక్కడితో షెంగెన్, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల హద్దు, దాటినట్టే. సింగిల్ ఎంట్రీ వీసాతో మళ్లీ గ్రీసులో అడుగుపెట్టడం కుదరదు, కాబట్టి దరఖాస్తులోనే మల్టిపుల్ ఎంట్రీ అడిగి, టర్కీ రేవు కనిపించే క్రూయిజ్ బుకింగ్ జత చేయాలి. టర్కీలో దిగడానికి వీసా సంగతి క్రూయిజ్ కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

శాంటొరిని మీద మనసుంటే క్రూయిజ్ అయ్యాక పిరేయస్ నుంచి ఫెర్రీలో వెళ్లి రెండు రాత్రులు ఉండండి. వేగంగా పోయేదానికి ఐదు గంటలు, మామూలు ఫెర్రీకి దాదాపు ఎనిమిది. ఓడల జనం పైకి రాకముందే పొద్దున్నే ఫిరా నుంచి ఓయాకు కొండ అంచు వెంట పది కిలోమీటర్లు నడవొచ్చు. గాలి ముదిరితే ఫెర్రీలనూ ఆపేస్తారు. అందుకని తిరుగు విమానానికీ ఫెర్రీకీ మధ్య ఏథెన్స్‌లో ఒక పూర్తి రోజు ఉంచుకోండి.