పెన్సిలిన్ ఫ్యాక్టరీని రెండోసారి పోగొట్టుకుందామా?

2020 మార్చి 3న కేంద్రం పారాసిటమాల్ సహా 26 రకాల మందులు, ముడిమందుల ఎగుమతికి కళ్లెం వేసింది. మనకు ముడిమందులు పంపే చైనాలో కరోనాతో ఫ్యాక్టరీలు ఆగితే, ప్రపంచానికి మందులమ్మే మనకు టెన్షన్ పట్టుకుంది. తర్వాత ముడిమందులు ఇక్కడే చేసేవారికి ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకమిచ్చే 6,940 కోట్ల రూపాయల పీఎల్‌ఐ పథకం రావడం తెలిసిందే.

ఆ పథకం కిందే మందుల కంపెనీ అరబిందో అనుబంధ సంస్థ కాకినాడ దగ్గర ఏడాదికి 15 వేల టన్నుల పెన్సిలిన్-జి ప్లాంటు కట్టింది. ఇన్ఫెక్షన్లకు వాడే యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్‌కు మూలం ఇదే. నిజానికి 1955లోనే పుణె దగ్గరి పింప్రిలో పెన్సిలిన్ చేసిన దేశం మనది. చవక చైనా సరుకు వచ్చిపడి ఇక్కడి ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఇప్పుడు కాకినాడలో ఉత్పత్తి మొదలయ్యాక చైనా ధరలు మళ్లీ దిగాయి. ఈ ఆట మనం ఒకసారి ఓడిపోయిందే.

సర్కారు పెన్సిలిన్ దిగుమతికి కనీస ధర పెట్టాలి. దవాఖానాల టెండర్లలో దేశీయ ముడిమందుతో చేసిన మందులకు వాటా కేటాయించాలి.

ధర పెరిగితే పేదల మీద భారం కాదా అంటారు. లెక్క వేద్దాం. కిలో అమాక్సిసిలిన్‌తో 500 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు రెండు వేలు వస్తాయి. కిలోకి 500 రూపాయలు ఎక్కువ పెట్టినా క్యాప్సూల్‌కి పడేది పావలా. న్యుమోనియాతో ఎగరొప్పుతున్న పిల్లాడికి మందు దొరక్కపోతే పడే భారం ముందు ఈ పావలా ఎంత?

పెన్సిలిన్ పుట్టేది బూజు నుంచి. పెద్ద ట్యాంకుల్లో దానికి చక్కెర మేపుతూ, గాలి అందిస్తూ రోజుల తరబడి సాకాలి. వేరే సూక్ష్మజీవి చొరబడితే బ్యాచ్ మొత్తం పారబోయాల్సిందే. ఈ పని చేతికి అలవడాలంటే ఏళ్లు పడుతుంది. ప్లాంటు ఆగితే ఆ చేతులు వేరే పనికి పోతాయి. విపత్తు వచ్చిన రోజు తాళం తీస్తే యంత్రాలుంటాయి, మనుషులుండరు.

మన హైదరాబాద్ కథే చూడండి. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ లేకపోతే ఈ ఊరు బల్క్ డ్రగ్స్, అంటే ముడిమందుల, రాజధాని అయ్యేదా? డాక్టర్ రెడ్డీస్ కంపెనీ పెట్టిన అంజిరెడ్డి అక్కడ పనిచేసి వచ్చినవారే. ప్రభుత్వ రంగ సంస్థను లాభనష్టాల పద్దుతోనే తూచి ఖాయిలా ముద్ర వేశాం. అది తయారుచేసిన కెమిస్టుల విలువ ఏ పద్దులోనూ రాయలేదు. వాళ్లలో ఎందరో సొంత కంపెనీలు పెట్టి వేలమందికి ఉపాధి ఇచ్చారు.

రేపు అనకాపల్లి జిల్లా నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కులో షెడ్లు లేస్తాయి. భూమి, కరెంటు రాయితీలు సరే. అక్కడ తయారైన సరుకును సర్కారు దవాఖానాలకు మందులు కొనే మన రెండు రాష్ట్రాల వైద్య మౌలిక సదుపాయాల సంస్థలు ఐదేళ్లపాటు కొంటామని ముందే ఒప్పందం రాసివ్వాలి.