గల్లంతయ్యే డిపాజిట్టు గారికి ఒక బహిరంగ లేఖ

శ్రీయుత డిపాజిట్టు గారికి,

ఉప ఎన్నిక ఫలితాలొచ్చిన మర్నాడు పేపర్లో మీ పేరు తప్పకుండా ఉంటుంది. "చిన్న పార్టీల డిపాజిట్లు గల్లంతు." గోదావరిలో లాంచీ మునిగినప్పుడు వాడే మాట అది. మీరెక్కడ మునిగారండీ? సీరియస్ కాని అభ్యర్థుల్ని ఆపడానికని నామినేషన్‌తో పాటు కట్టించుకునే ధరావతు మీరు. ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారి బల్ల మీద నగదుగానో, ట్రెజరీ చలానాగానో దిగుతారు. చెక్కంటే మీకు గిట్టదు. అక్కణ్ణుంచి 8443 పద్దు కింద సివిల్ డిపాజిట్లలో చల్లగా కూర్చుని, ఫలితం వచ్చాక, అభ్యర్థికి చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటి రాకపోతే, సర్కారు ఆదాయంలో కలిసిపోతారు. ఇంత పక్కా చిరునామా ఉన్నవారిని గల్లంతయ్యారనడం అన్యాయం. గల్లంతయ్యేది మేము.

మేమంటే, జెండా మీద "ప్రజాస్వామ్య సంస్కరణ" అని రాసుకుని ఉప ఎన్నికలో దిగే కొత్త చిన్న పార్టీలవాళ్లం. ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతి కావాలంటాం, ఎన్నికల ఖర్చు తగ్గాలంటాం. ఒకే ఒక్క సీటు, రాష్ట్రమంతా అటే చూస్తుంది, మన మాట నలుగురి చెవిన పడుతుందని ఆశ. తీరా దిగాక తెలుస్తుంది, ప్రభుత్వం మొత్తం ఆ ఒక్క సీటులోనే కాపురం పెట్టిందని. మండలానికో మంత్రి, ఊరికో ఎమ్మెల్యే.

మీ చరిత్ర కొంత తెలుసు. తొలి ఎన్నికల్లో మీరు శాసనసభకు 250 రూపాయలు, లోక్‌సభకు 500. 1996లో ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి విసిగిన నల్లగొండ జనం మంచినీళ్ల కోసం 480 మందిని లోక్‌సభ బరిలో నిలబెట్టారు. ఎన్నిక వాయిదా పడింది. అదే ఏడాది తమిళనాడు మొడకురిచ్చిలో 1,033 మంది నిలబడ్డారు. ఆ ఏడే చట్టం మారింది. నీళ్లడిగితే నీళ్లు రాలేదు గానీ మీ రేటు పెరిగింది, శాసనసభకు 5,000. 2010 నుంచి 10,000. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. పోనీ, పెరిగి ఆపగలిగారా? 2019లో నిజామాబాద్ లోక్‌సభ బరిలో 185 మంది. అందులో పసుపు, ఎర్రజొన్న రైతులే నూట డెబ్బై పైచిలుకు. తలా 25,000 మీ మొహాన కొట్టారు. ఓటింగ్ యంత్రానికి మీటలుండే బ్యాలెట్ యూనిట్లు 12 పరచాల్సి వచ్చింది. కడుపు మండినవాణ్ణి మీరు ఆపలేరు. జేబు నిండినవాణ్ణి అసలే ఆపలేరు.

ఆ రెండోవాడి సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం. నియోజకవర్గంలో 300 బూతులున్నాయనుకోండి. ప్రతి అభ్యర్థికీ బూతుకో ఏజెంటును పెట్టుకునే హక్కుంది, అతను లేచి వెళ్తే కూర్చోడానికి మరో ఇద్దరు. ఇదంతా 10వ నంబరు ఫారం మీద ఒక సంతకంతో అయిపోతుంది. పెద్ద పార్టీ ఒక డమ్మీ ఇండిపెండెంటును నిలబెడితే బూతు లోపల ఇంకో కుర్చీ దొరికినట్టే. పదివేలను 300తో భాగించండి. కుర్చీకి 33 రూపాయలు. పెళ్లి పందిట్లో ప్లాస్టిక్ కుర్చీ అద్దెతో పోటీ పడే రేటిది! పైగా డమ్మీ పేరు మీద వాహనాల పర్మిట్లు, లెక్కింపు రోజున టేబుల్ టేబుల్‌కీ కౌంటింగ్ ఏజెంట్లు. వీళ్లందరినీ మీరు "సీరియస్" అభ్యర్థులుగా లోపలికి పంపుతారు. మేమేమో 300 బూతుల్లో నలభైకి మనుషుల్ని కుదుర్చుకుంటే పండగ. మిగతా 260 బూతుల్లో పోలింగ్ ముగిశాక 17సీ ఫారం కాపీ అడిగి తీసుకునేవాడు ఉండడు. అక్కడ ఎన్ని ఓట్లు పోలయ్యాయో మర్నాడు పేపర్లోనే చదువుకోవాలి.

నిజం చెప్పాలంటే మాకు మీకంటే మీ చుట్టాలతోనే, అంటే మిగతా నామినేషన్ నిబంధనలతోనే, ఎక్కువ తంటా. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి నామినేషన్ మీద సంతకం పెట్టే ప్రతిపాదకుడు ఒక్కడు చాలు. మాకు పదిమంది, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే కావాలి. పార్ట్ నంబరు, సీరియల్ నంబరు తాజా జాబితాలో చూసే రాయాలి. పాత జాబితా చూసి రాస్తే ఎవరి పేరు ఎవరి మీద ఉంటుందో దేవుడికే తెలియాలి. వేలిముద్ర వేసేవారైతే అధికారి ఎదుట వెయ్యాలి. ఊళ్లో సంస్కరణ పార్టీ కాగితం మీద సంతకం పెట్టిన పదిమంది పేర్లు సాయంత్రానికల్లా సర్పంచి దగ్గరుంటాయి. రాత్రికి పదిళ్లకూ పలకరింపులు మొదలవుతాయి. 2024లో సూరత్‌లో కాంగ్రెస్ అభ్యర్థి ప్రతిపాదకులే "ఆ సంతకాలు మావి కావు" అంటే నామినేషన్ పోయి, మిగతావాళ్లూ తప్పుకోగా బీజేపీ అభ్యర్థి ఏకగ్రీవమయ్యాడు. అంత పెద్ద పార్టీకే ఆ గతి. అందుకే తెలిసినవాళ్లు నామినేషన్ పత్రాలు నాలుగు సెట్లు వేస్తారు, సెట్టుకు వేరే పదిమందితో. నాలుగింటికీ కలిపి మీరు ఒక్కసారి వస్తే చాలు. మీలో మాకు నచ్చిన గుణం అదొక్కటే.

ఆస్తులు, కేసులు చెప్పే 26వ నంబరు అఫిడవిట్‌లో గడి ఖాళీగా వదిలితే, నోటీసు ఇచ్చాక కూడా నింపకపోతే, నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. గీత గీస్తే సరిపోదు, "లేదు" అనో "వర్తించదు" అనో రాయాల్సిందే. భార్యకు బంగారం లేకపోతే లేదని రాయాలి. (ఆవిడకు చూపించకండి.) ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా నామినేషన్‌కు కనీసం ముందురోజు తెరవాలి. "ఇతను మా అభ్యర్థి" అని పార్టీ ఇచ్చే బీ-ఫారం మీద సిరా సంతకమే ఉండాలి, జిరాక్సు చెల్లదు, అదీ ఆఖరి రోజు మధ్యాహ్నం మూడులోపు. అధ్యక్షుడు హైదరాబాద్‌లో ఉండి ఫారం బస్సులో వస్తుంటే అభ్యర్థి ఆ సాయంత్రానికి ఇండిపెండెంటే.

గుర్తు విషయం క్లుప్తంగా. మాకు సొంత గుర్తు ఉండదు. మిగిలినవాటిలో మూడు కోరుకోవాలి. ఉపసంహరణ గడువు దాటాక వచ్చిన గుర్తును రెండు వారాల్లో ఊరూరా చెప్పుకోవాలి. మునుగోడులో ఒక అభ్యర్థికొచ్చిన రోడ్డు రోలరును మార్చేస్తే, ఎన్నికల సంఘం కలగజేసుకుని తిరిగి ఇప్పించింది. ఆ 2022 ఉప ఎన్నికలో 47 మంది, నోటాతో 48. యూనిట్‌కు పదహారు పేర్ల చొప్పున సరిగ్గా మూడు యూనిట్లు, ఒక్క మీటా ఖాళీ లేదు. గుర్తింపు ఉన్న పార్టీలు మొదట, మావి తర్వాత, ఇండిపెండెంట్లు ఆపైన. ఓటరు మొదటి యూనిట్ దగ్గరే పని ముగించుకుని బయటికొస్తాడు.

ఇక మీ ఆరో వంతు. చెల్లిన ఓట్లు 1,80,000 అయితే 30,000 చాలవు, 30,001 కావాలి. నోటా ఓట్లు లెక్కలోకి రావు. జర్మనీలో ఐదు శాతం ఓట్లొస్తే పార్లమెంటులో సీట్లిస్తారు. మీరు పదహారు శాతం వచ్చినా మా పదివేలు మాకివ్వరు. మీ తాతగారి ఊరు బ్రిటన్‌లో 1985లోనే ఎనిమిదో వంతును ఐదు శాతానికి దించారు. కెనడాలో మీ దాయాదిని 2017లో అల్బర్టా కోర్టు ఏకంగా కొట్టేసింది. మీరు మాత్రం ఆరో వంతు దగ్గర శిలావిగ్రహంలా నిలబడ్డారు.

పోనీ సీరియస్ ఎవరో మీకైనా తెలుసా? 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో కాంగ్రెస్‌కు 3,014 ఓట్లు, డిపాజిట్టు లేదు. రెండేళ్లకు రాష్ట్రంలో అధికారం. 2025 జూబ్లీహిల్స్‌లో 58 మందిలో ఇద్దరికే మీరు దక్కారు. కేంద్రంలో ప్రభుత్వం నడుపుతున్న పార్టీ మిగతా 56 మందిలో ఉంది. దామాషా పద్ధతి కోరిన లోక్‌సత్తా 2006లో పార్టీ అయ్యి, 2009లో 294 సీట్ల సభలో కూకట్‌పల్లి ఒక్కటి గెలిచింది. మీ కొలబద్దకు ఇవేవీ అందవు.

మీరు ఖాయంగా తిరిగొచ్చే దారులు చట్టంలో ఉన్నాయి లెండి. నామినేషన్ తిరస్కరణకు గురైతే వస్తారు, ఉపసంహరించుకుంటే వస్తారు, పోలింగ్ మొదలయ్యేలోపు అభ్యర్థి చనిపోతే వస్తారు. నిలబడి పోరాడితేనే రారు.

ఇట్లు,
ఆరో వంతు దాటనివారు,
బ్యాలెట్ యూనిట్ మీద పెద్ద పార్టీల కింద, ఇండిపెండెంట్లకు కాస్త పైన.

తా.క.: ఫలితం వెలువడిన 30 రోజుల్లోపు ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి, ఎగ్గొడితే మూడేళ్ల దాకా పోటీకి అనర్హులం కావచ్చు. మీ మాసికం తేదీ మా ఖజాంచి క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో చుట్టి పెట్టుకున్నాడు.