రౌటర్ వెనకున్న స్విచ్చు వారి దివ్యసముఖమునకు

ఆర్యా,

విషయం: రోజుకు ఆరుసార్లు తమరిని నొక్కే ఆచారం నుంచి విముక్తి కోరుట గురించి.

ఊళ్లో చిన్న ఆఫీసు. నాలుగు కంప్యూటర్లు, ఒక స్కానర్, ఒక వేలిముద్రల మిషను, సిబ్బంది ఫోన్లు పది. అన్నిటికీ దిక్కు 4జీ సిమ్ వేసిన రౌటర్ ఒక్కటే. డౌన్‌లోడ్ 8 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 1. సర్టిఫికెట్ పేజీ తెరుచుకోకపోతే ఎవరూ కారణం వెతకరు. "ఒకసారి ఆపి వెయ్యండి" అంటారు. తమరు టిక్కుమంటారు. రెండు నిమిషాలకు దీపాలు వెలుగుతాయి, పేజీ తెరుచుకుంటుంది. సగం నింపిన దరఖాస్తు, లాగిన్, ఓటీపీ గంగలో కలిసినా సరే, తమకు దణ్ణాలు పడతాయి.

తమ మహిమ గుట్టు చెప్పేస్తాం, ఏమీ అనుకోకండి. తమరు ఆరగానే పది ఫోన్లూ సొంత సిమ్ డేటాకు మారతాయి. ఫొటోల బ్యాకప్ "వైఫై ఉంటేనే" అని పెట్టి ఉంటుంది గనక ఆగుతుంది. ఫోన్లు తిరిగి వైఫై పట్టుకుని బ్యాకప్ మొదలుపెట్టేదాకా లైను ఖాళీ. రోగం ఎక్కడికీ పోలేదు, గుమ్మం బయట కాసేపు కూర్చుందంతే.

1 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 125 కేబీ. 4 ఎంబీ ఫొటో ఎక్కడానికి 32 సెకన్లు. పెళ్లికి వెళ్లొచ్చిన ఒక్కరి ఫోన్లో 40 ఫొటోలుంటే 21 నిమిషాల పైమాటే. అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడూ పడకేస్తుంది. కిందికి వచ్చిన డేటాకు "అందింది" అని రసీదు పైకి వెళ్లాలి, ఆ రసీదు వెళ్లి పెళ్లి ఫొటోల వెనక నిలబడుతుంది. వేలిముద్ర మోసేది కొన్ని కేబీలే అయినా గడువులోపు చేరకపోతే ఫెయిలే. పాపం, ముసలాయన చేత నాలుగుసార్లు వేలు తుడిపిస్తారు. వేలు శుభ్రంగానే ఉంది. ఈ జబ్బుకు 2010 ప్రాంతంలో జిమ్ గెట్టీస్ అనే ఇంజనీరు 'బఫర్‌బ్లోట్' అని పేరు పెట్టాడు. తమ పేరు పెట్టలేదని నొచ్చుకోవద్దు.

లైను తింటున్నదెవరని అడిగి చూడండి. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ. విండోస్ సంగతే చూడండి. నెలలో రెండో మంగళవారం అమెరికాలో అప్‌డేట్లు విడుదలవుతాయి. మనకప్పుడు రాత్రి పది దాటుతుంది. బుధవారం పొద్దున ఆఫీసు తెరవగానే నాలుగు కంప్యూటర్లూ ఒకే ఫైలును నాలుగుసార్లు దించుకోవడానికి ఎగబడతాయి. ఆ రోజు తమకు తిరునాళ్లే.

కాబట్టి తమ అనుమతితో ఈ కింది దుశ్చర్యలకు పాల్పడుతున్నాం. అన్ని ఫోన్లూ వైఫై నుంచి తీసేసి, ఒక్క కంప్యూటర్‌ను కేబుల్‌తో పెట్టి 8.8.8.8 కి, అంటే గూగుల్ సర్వర్‌కు, పింగ్ కొడతాం (చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడటం). అప్పుడూ "రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్" (జవాబు రాలేదు) అని వరసగా వస్తే తప్పు టవర్‌దో సిమ్‌దో, ఫిర్యాదు చేస్తాం. 50 మిల్లీసెకన్లలో వచ్చే జవాబు ఫోన్లు కలవగానే వెయ్యి దాటితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

అప్పుడు స్పీడు పది గంటలకు, పన్నెండుకు, మూడింటికి కొలుస్తాం. అప్‌లోడ్ 1.0, 0.7, 1.2 వచ్చిందనుకోండి. సగటు పనికిరాదు, 0.7 నే పట్టుకుని అందులో 85 శాతం, అంటే సుమారు 600 కేబీపీఎస్, రౌటర్లో హద్దుగా పెడతాం. డౌన్‌లోడ్‌కూ ఇదే లెక్క. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లకు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) పడే రౌటరైతే, అందులో క్యూను అదుపుచేసే ఎస్‌క్యూఎం వేసి 'కేక్' అనే పద్ధతి ఎంచుకుంటే చాలు. రేషన్ షాపులో నలభై సంచులవాడిని పక్కన నిలబెట్టి, ఒక్క సంచివాడిని మధ్యమధ్య పంపినట్టు చేస్తుంది. లైను స్పీడుకన్నా హద్దు ఎక్కువ పెడితే క్యూ మోడెమ్ లోపలికో టవర్ దగ్గరకో పోతుంది, అక్కడ మన మాట చెల్లదు. ఆ సౌకర్యం లేని చవక రౌటరైతే ఫోన్లను గెస్ట్ వైఫైకి మార్చి, వీలుంటే దానికి మాత్రమే హద్దు పెడతాం.

విండోస్‌లో 'మీటర్డ్ కనెక్షన్' (డేటా పొదుపుగా వాడమని చెప్పే సెట్టింగ్) ఆన్ చేసి, వారానికి ఒక సాయంత్రం మాత్రం తీసేసి అప్‌డేట్లు దించుతాం. ఆ పూట లోకల్ నెట్‌వర్క్‌లో పంచుకునే సదుపాయం ఆన్‌లో ఉంటే ఒకటి దించినది మిగతావి పంచుకోగలవు. పూర్తిగా ఆపేస్తే వైరస్‌లకు పిలుపే. స్కానర్‌ను 600 నుంచి 200 డీపీఐకి (అంగుళానికి చుక్కలు), రంగుల నుంచి గ్రేకి మారుస్తాం. చుక్కలే 9 రెట్లు తగ్గుతాయి, ఆధార్ కాపీ చదవడానికి అవి చాలు.

ఇన్నీ చేశాక కూడా సిమ్ మొండికేసిన రోజు తమరే దిక్కు. సేవలు వద్దనడం లేదు, ఓవర్‌టైమ్ మాత్రమే తగ్గిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
ఆఫీసు సిబ్బంది

జతపరచినది: వైఫై పాస్‌వర్డ్ రాసి ఉన్న గోడ క్యాలెండర్ ముక్క ఒకటి. ఎదురుగా ఉన్న టీకొట్టులో దీని జిరాక్స్ దొరికింది.