పోపు మీద నింద

రెండు ఆర్వీలు (వంటిల్లూ పడకలూ ఉన్న బళ్ళు), పిల్లాజెల్లాతో రెండు కుటుంబాలు, జులై ఎండ, యూటాలో లోన్ రాక్ బీచ్. పావెల్ సరస్సు ఒడ్డున ఇసుకే తప్ప కరెంటు ప్లగ్గు లేని చోటు. ఏసీ కావాలంటే బండిలోని 4,000 వాట్ల జనరేటరే దిక్కు. ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకూ దాని శక్తి సుమారు మూడున్నర శాతం తగ్గుతుంది కాబట్టి అక్కడ చేతికొచ్చేది 3,500. నడుస్తున్న ఏసీకి 1,500, మైక్రోవేవ్‌కి మరో 1,500. లెక్క సరిపోయింది. సరిపోనిది గాలి.

బళ్ళు అద్దెకిచ్చిన ఆఫీసులో కాఫీ కప్పులు కూడా లెక్కపెట్టి సంతకం పెట్టించుకున్నారు. జనరేటర్ గురించి మాత్రం ఒకే మాట: "బటన్ నొక్కండి." హెచ్చరికల కాగితమేమో జనరేటర్ అర తలుపుకి లోపలివైపు అంటించి ఉంది. ఆ తలుపు తీసేది ఏదైనా చెడ్డాకే కదా!

బావగారు గుంటూరులో పెళ్ళిళ్ళకి జనరేటర్లు అద్దెకిచ్చిన మనిషి. డీజిల్ సెట్టుని ఆరుబయట నిలబెట్టి, కేబుల్ దూరంగా లాగిన అనుభవం. ఇక్కడ జనరేటర్ ఉండేది పడుకునే మంచం కింద. నీడ కోసం రెండు బళ్ళనీ నాలుగడుగుల ఎడంలో పెట్టించి, మధ్యన టార్పాలిన్ పందిరి వేయించారు. మొదటి బండి పొగగొట్టం సరిగ్గా రెండో బండి తలుపుకి ఎదురు. గొట్టం చివర బండి అంచుకి కనీసం అంగుళం బయటికి ఉండాలి. ఉంది. పొగ బయటికే వచ్చింది. వచ్చాక ఎటు పోవాలి, పైన పందిరి ఉండగా?

చప్పుడు ఎక్కువైందని జనరేటర్ జాలీకి యోగా చాప అడ్డం కట్టించారు. దానికి రేడియేటర్ ఉండదు. చల్లగాలి పీల్చి, వేడిగాలిని నేల వైపు ఊదుతుంది. జాలీ మూసేస్తే ఊదిన వేడినే మళ్ళీ పీలుస్తుంది. ఇంజిన్‌కీ గాలి చాలక పెట్రోలు సరిగ్గా కాలదు, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంకా పెరుగుతుంది.

ఈలోగా రెండో బండిలో పెద్దమ్మ పులిహోరకి ఎండుమిరపకాయలు వేయించింది. ఘాటుకి అందరూ దగ్గి, తలుపు పక్క కిటికీ తెరిచి, కప్పు మీది ఫ్యాను పెట్టారు. ఆ ఫ్యాను బయటికి ఎంత గాలి తోస్తే అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలి. వచ్చే దారి ఆ కిటికీ ఒక్కటే. కిటికీ ఎదురుగా ఏముందో తెలిసిందే.

కుయ్ కుయ్ కుయ్ కుయ్.

"పోపుకి అరుస్తోంది" అంది పెద్దమ్మ, తువ్వాలు తీసి అలారానికి విసురుతూ. ఆ విసరడంలో ఎంత శ్రద్ధ! కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి, గుళ్ళో వింజామర వేసినట్టు. అలారం ప్రసన్నం కాలేదు. ఘాటు ఎక్కువైందేమోనని ఫ్యాను ఇంకా పెంచారు.

"ఎన్నిసార్లు కూస్తోందో లెక్కపెట్టండి" అన్నాడు పెద్దమ్మ మనవడు.

"మూడు" అన్నారు బావగారు.

"నాలుగు, తాతయ్యా."

"చెప్పానుగా, మూడు."

మూడుసార్లు కూసి ఆగితే మంట, పొగ. నాలుగుసార్లు కూసి ఆగితే కార్బన్ మోనాక్సైడ్. మూడా నాలుగా అన్న పంచాయితీ తేల్చడానికి పెద్దమ్మ తువ్వాలు ఆపింది, అందరూ ఊపిరి బిగబట్టారు. ఆ సమయంలో అంతకన్నా ఆరోగ్యకరమైన పని ఇంకొకటి లేదు. నాలుగు కూతల అలారం పోపు వాసనకి కూయదు. కార్బన్ మోనాక్సైడ్‌కేమో వాసనే లేదు. అది గాలిలో పది లక్షల వంతులకి 400 వంతులుంటే 4 నుంచి 15 నిమిషాల్లో కూస్తుంది. 70 ఉంటే గంటో, నాలుగ్గంటలో పట్టొచ్చు. అందుకే అలారం కూయకముందే ఇద్దరికి తలనొప్పి వచ్చింది. ఎండదెబ్బన్నారు, మజ్జిగ ఇచ్చారు.

బావగారు బ్యాటరీ పీకేద్దామని స్టూలు ఎక్కారు. పిల్లవాడు పక్కబండికి పరుగెత్తి జనరేటర్ ఆపాడు. బతికించింది వాడే, తిట్లు తిన్నదీ వాడే, ఏసీ ఆగిందని. అందరూ ఇసుకలోకి దిగారు, టార్పాలిన్ ఊడింది, చాప ఊడింది, తలనొప్పి వాళ్ళిద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బళ్ళని దూరం జరిపి, పొగగొట్టాన్ని గాలివాలుకి తిప్పాక ఆఫీసుకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పారు.

అవతలి మనిషి ఓపిగ్గా విని అడిగాడు: "ఇప్పుడు జనరేటర్ గంటల మీటరు ఎంత చూపిస్తోందండీ?"