సొమ్ము అందరిదీ, వోచర్ ఒకడిదీ

నలుగురు స్నేహితులు బయట తినడానికి వెళ్లారు. ఒకడి ఫోన్లో డిస్కౌంట్ వోచర్ ఉంది. బిల్లులో తగ్గిన డబ్బు ఎవరిది? ఐక్యరాజ్యసమితి ఇంతవరకూ దీని మీద ఒక్క తీర్మానం కూడా చేయలేదు కాబట్టి, ఆ బరువేదో నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

ఈ విషయంలో లోకం రెండుగా చీలిపోయి ఉంది. తగ్గగా మిగిలిన బిల్లుని అందరూ సమానంగా పంచుకోవాలనేది ఒక వర్గం. రెండో వర్గం వాళ్లు (వోచర్ ఎప్పుడూ వీళ్ల ఫోన్లోనే ఉంటుంది, గమనించండి) "కూపన్ నాది, తగ్గింపూ నాదే" అంటారు. అంటే మిగతావాళ్లు పూర్తి వాటా ఇచ్చుకోవాలి, తగ్గిందంతా వోచర్‌దారు వాటాలోంచే పోవాలి. వినడానికి న్యాయంగానే ఉంది, లెక్క వేసేదాకా. బిల్లు వంద అనుకోండి, తలా పాతిక. 20 శాతం తగ్గితే కట్టాల్సింది 80, ముగ్గురి దగ్గర వసూలైంది 75, మనవాడి జేబులోంచి కదిలింది 5. వోచర్ 25 శాతమైతే భోజనం ఉచితం. 40 శాతమైతే కట్టేది 60, చేతికొచ్చింది 75, అంటే కడుపునిండా తిని పైన 15 వెనకేసుకుని, "మళ్లీ ఎప్పుడు కలుద్దాంరా?" అని బుద్ధిమంతుడిలా అడుగుతాడు. అడగడా మరి! జనం పెరిగేకొద్దీ లాభం కూడా పెరుగుతుంది, ఆరుగురు వెళ్తే తలా వాటా పదిహేడుకి కూడా రాదు కాబట్టి 20 శాతం కూపన్‌తోనే వాడు లాభాల్లోకి వచ్చేస్తాడు. "ఇంకో ఇద్దర్ని పిలుద్దామా" అని ఎవరైనా మరీ హుషారు చూపిస్తే ఒకసారి అనుమానించండి.

అసలు ఈ కూపన్లు పుట్టినప్పుడు ఇంత గొడవ లేదు. 1880ల చివర్లో అమెరికాలో కోకాకోలా వాళ్లు పంచిన టికెట్ చూపిస్తే ఒక గ్లాసు ఉచితం, అంతే. ఒక టికెట్, ఒక గ్లాసు, ఒక గొంతు. పంచుకునేది లేదు, అలిగేది లేదు.

ఇక వోచర్ సంగతి ఎప్పుడు బయటపెట్టాలి? ఆర్డర్ ఇవ్వకముందే చెప్పేస్తే తగ్గుతుంది కదా అని అందరి చేతులూ మెనూలో కింది వరసల వైపు, అంటే ధర ఎక్కువున్న వైపు జారతాయి. బిల్లు సమానంగా పంచుకుంటారని తెలిస్తేనే మనుషులు మామూలు కంటే ఎక్కువ ఆర్డర్ చేస్తారని యూరీ గ్నీజీ, మరో ఇద్దరు పరిశోధకులు నిజం రెస్టారెంట్లోనే ప్రయోగం చేసి 2004లో ప్రచురించారు. దానికి తోడు వోచర్ కూడా ఉందని చెప్పడమంటే మండే పొయ్యిలో నెయ్యి పోయడమే. పోనీ తినేశాక చెప్తే, "ముందే చెప్పి ఉంటే ఇంకోటి తెప్పించుకునేవాణ్ణి కదరా" అని నిష్ఠూరం.

అసలే చెప్పనివాళ్లూ ఉన్నారు. "మీరు కూర్చోండి, నేను కట్టేస్తా, తర్వాత నాకు పంపండి" అని మహా ఉదారంగా లేచి కౌంటర్ దగ్గరికి వెళ్తారు. టేబుల్ వైపు వీపు పెట్టి, ఫోన్‌ని గుండెలకి హత్తుకుని, గొంతు తగ్గించి కోడ్ చదువుతారు. ఓటీపీ రాదు. టెన్షన్. ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటారు, అదే చేత్తో మనకేసి "ఏం లేదు, ఏం లేదు" అని సైగ చేస్తారు. ఇంతలో కౌంటర్లో ఆయన, పాపం మంచి మనిషి, హాలంతా వినపడేలా, "సార్, మీ కూపన్ పడిందండీ, 40 శాతం తగ్గింది!" అంటాడు. ఆ తర్వాత టేబుల్ దగ్గరికి నడిచొచ్చే ఆ పది అడుగులూ పగవాడికి కూడా వద్దు. నా తీర్పు: ఇలా దొరికిపోయినవాడికి వేరే శిక్ష అక్కర్లేదు, ఎవరూ ఏమీ అనకుండా ఫోన్లు చూసుకుంటే చాలు.

కనీస బిల్లు ఇంత ఉండాలనే షరతు ఒకటుంటుంది చూశారూ, అది ఎప్పుడూ అందరి కడుపులూ నిండాకే గుర్తొస్తుంది. కొంచెం తక్కువైంది, ఇంకోటి చెప్పాలి. ఎవరికీ ఆకలి లేదు, అయినా చెప్తారు. డబ్బు మిగలడం కోసం చెప్పిన ఆ ఐటెం టేబుల్ మధ్యలో చల్లారిపోతూ ఉంటుంది, అందరూ "నువ్వు తీసుకో, నువ్వు తీసుకో" అని మర్యాదలు చేసుకుంటూ ఉంటారు. దాన్ని వోచర్ తెచ్చినవాడే ఆఖరి ముక్కదాకా తినాలి. ఇందులో అప్పీలు లేదు.

టిప్పు మాత్రం అసలు బిల్లు మీద ఇవ్వండి. వెయిటర్ ప్లేట్లు మోసేటప్పుడు 40 శాతం తగ్గించి మోయలేదు.

చివరగా గడువు విషయం. ఏడాదంతా పలకరింపు లేనివాడు హఠాత్తుగా నెలాఖరున ఫోన్ చేసి "చూసి చాలా రోజులైంది, రేపే కలుద్దాం, ఎల్లుండి కుదరదు" అంటే ఎల్లుండికి ఏం చెల్లిపోతుందో మనకి తెలుసు. వెళ్లొద్దని అనను, తప్పకుండా వెళ్లండి. కాకపోతే నలుగురికి మించితే కూపన్ చెల్లదన్న షరతు ఉందేమో ముందే కనుక్కుని, ఐదో మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి.