లైవ్ ఆపాలంటే వార్తే ఆపాలా?

హనుమకొండలో మా కాలనీ గ్రూపులోకి ఈ మెసేజ్ వారంలో మూడుసార్లు వచ్చింది. మొదటిసారి ఒక వాకింగ్ మిత్రుడు పంపాడు. రెండోసారి మా బావమరిది. మూడోసారి మళ్ళీ ఆ వాకింగ్ మిత్రుడే, ముందు తనే పంపిన సంగతి మరిచిపోయినట్టున్నాడు. మెసేజ్ సారాంశం ఇది:

"ముంబై దాడులప్పుడు టీవీ లైవ్ చూడటం వల్లే ఉగ్రవాదులు మన కమాండోలను చంపగలిగారని సుప్రీంకోర్టే చెప్పింది. అయినా లైవ్‌ను ఆపే చట్టం మన దేశంలో లేదు. అమెరికా, ఇజ్రాయెల్‌లలో రహస్య ఆపరేషన్ గురించి ఒక్క అక్షరం బయటికి రాదు. ఇక్కడ కూడా సైన్యం చెప్పిందే వేయాలి. అంతకు మించి రాసేవాడు దేశద్రోహి. నిజమైన భారతీయుడైతే పది మందికి పంపండి."

నేను పంపలేదు. జిల్లా ఎడిషన్ డెస్కులో చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి, ఒక్కో వాక్యం పట్టుకుని చూద్దామనిపించింది.

"సుప్రీంకోర్టే చెప్పింది" అన్నారు. ముంబై దాడుల్లో ప్రాణాలతో దొరికిన ఉగ్రవాది కసబ్ అప్పీలు మీద తీర్పు 2012 ఆగస్టు 29న వచ్చింది. జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ సి.కె. ప్రసాద్ ఇచ్చిన తీర్పు అది. అందులో ఛానళ్ళను బాగానే దులిపారు. కమాండోల కదలికలను అలా చూపించడం వల్ల వాళ్ళ పని మరీ కష్టమైందని, ప్రమాదకరమైందని, అందులో సందేహమే లేదని అన్నారు. అయితే ఆ ప్రసారాల వల్లే బలగాల్లో ఎవరైనా చనిపోయారా, గాయపడ్డారా అన్నది తేల్చడం సాధ్యం కాదని కూడా అదే తీర్పులో ఉంది. మెసేజ్ రాసినాయన మొదటి సగం ఉంచుకుని రెండో సగం కోసేశాడు.

2008 నవంబర్ 28 పొద్దున నాకు ఇంకా గుర్తుంది. రాత్రంతా డ్యూటీ చేసి, ఇంటికి పోబుద్ధి కాక, హనుమకొండ చౌరస్తాలో ఒక టీ కొట్టు ముందు నిలబడ్డాను. టీవీలో, ముంబైలో ఉగ్రవాదులు దూరిన నారిమన్ హౌస్ మీద హెలికాప్టర్ ఆగి ఉంది. కమాండోలు ఒకరి వెనక ఒకరు తాడు పట్టుకుని మిద్దె మీదికి దిగుతున్నారు. కొట్టు ముందు ఇరవై ముప్పై మందిమి గ్లాసులు చేతిలో పట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. టీ కాచే పెద్దాయన పాలగిన్నె వదిలి అడిగాడు: "సార్, గీ టీవీ ఆ బద్మాష్‌లు సుత చూస్తరు గదా?"

పత్రికలో పనిచేసేవాణ్ణి, నాకు ఆ ఆలోచన అప్పటిదాకా తట్టలేదు. లోపలున్నవాళ్ళు చూశారో లేదో గానీ, సరిహద్దు అవతల వాళ్ళను నడిపిస్తున్నవాళ్ళు టీవీ ముందే కూర్చున్నారు. ఫోన్లో ఎప్పటికప్పుడు సంగతులు అందిస్తున్నారు. ఆ సంభాషణలు తర్వాత కోర్టు రికార్డుల్లోకి ఎక్కాయి. నారిమన్ హౌస్ పోరులో హవల్దార్ గజేందర్ సింగ్ బిష్ట్, తాజ్ హోటల్లో మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ ప్రాణాలు కోల్పోయారు. వాళ్ళ పేర్లు ఫార్వర్డులకు వాడుకునేవాళ్ళు కోర్టు చెప్పిన ఇంకో మాట కూడా చదవాలి. ఆ దృశ్యాలన్నీ ఆపరేషన్ అయిపోయాక చూపించవచ్చు, కానీ అప్పుడు టీఆర్పీలు అంతగా పెరగవు కదా అని కోర్టు ఎత్తిపొడిచింది. అంటే జడ్జీలు తప్పు పట్టింది చూపించిన సమయాన్ని. అసలు చూపించనే కూడదని వాళ్ళు అనలేదు.

ఇది మన దగ్గరే మొదలైన జబ్బు కూడా కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో బందీలను విడిపించడానికి పోలీసులు పైకప్పులు ఎక్కుతుంటే టీవీలు లైవ్ ఇచ్చాయి. ఉగ్రవాదులున్న గదుల్లో కరెంటు ఉంది, టీవీ ఉంది. ఆ ప్రయత్నాన్ని అక్కడికక్కడే ఆపేయాల్సి వచ్చింది.

"ఆపే చట్టం లేదు" అన్నది పచ్చి తప్పు. కేబుల్ టీవీ నిబంధనల్లో 2015లోనే ఒక కొత్త క్లాజు చేర్చారు. ఉగ్రవాదులపై బలగాలు జరిపే ఆపరేషన్‌ను లైవ్ ఇవ్వకూడదు. అది ముగిసేదాకా ప్రభుత్వం నియమించిన అధికారి అప్పుడప్పుడు ఇచ్చే బ్రీఫింగ్ మాత్రమే వేయాలి. పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద ఉగ్రదాడి కవరేజీ విషయంలో ఇదే నిబంధన కింద ఎన్డీటీవీ ఇండియా ఛానల్‌ను ఒక రోజు ఆపేయాలని 2016 నవంబర్‌లో ఆదేశం కూడా వచ్చింది. తర్వాత దాన్ని నిలిపివేశారు. ఆ ఆదేశం సరైందా కాదా అన్నది వేరే చర్చ. నిబంధనే లేదనడం మాత్రం కుదరదు. అందులోని "ముగిసేదాకా" అన్న మాటను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

నిబంధన ఉన్నా 2025 మే 8 రాత్రి జరిగింది చూశాం. ఆపరేషన్ సిందూర్ మొదలైన మర్నాటి రాత్రి అది. ఆ రాత్రి కొన్ని ఛానళ్ళు బయటపెట్టినవి సైన్యం రహస్యాలేమీ కావు. స్టూడియోల్లో వండిన కథలు. కరాచీ పోర్టు ధ్వంసమైందని మన నౌకాదళానికి తెలియకముందే యాంకర్లకు తెలిసిపోయింది. మా వెనకింటి అక్కది పరకాల దిక్కు. కొడుకు ఆర్మీలో, జమ్మూ వైపు. రాత్రి పదకొండు దాటాక వచ్చి తలుపు కొట్టింది.

"తమ్మీ, కరాచీ అంటె మావోడున్న దిక్కేనా?"

"కాదక్కా, అది పాకిస్తాన్ల ఉంటది. సముద్రం పక్కన."

"గెల్చినం అంటున్నరు గద. మరి వాడు ఫోన్ ఎందుకు ఎత్తుతలేడు?"

నా దగ్గర జవాబు లేదు. టీవీ కట్టేసి పడుకో అన్నాను. ఆమె పడుకోలేదని పొద్దున ఆమె కళ్ళే చెప్పాయి. కరాచీ పోర్టు మాత్రం తెల్లారాక కూడా ఎక్కడిదక్కడే ఉంది. కాబట్టి ఆ రాత్రి విషయం వరకైతే మెసేజ్ వాదనతో నాకు పేచీ లేదు. సైన్యం చెప్పిందే వేసి ఊరుకుంటే ఆ అక్క కాసేపు నిద్రపోయేది.

ఇక అమెరికా, ఇజ్రాయెల్. ఇజ్రాయెల్‌లో మిలిటరీ సెన్సార్ ఉన్న మాట నిజం. భద్రతకు సంబంధించిన వార్తలు ముందు వాళ్ళకు చూపించాలి. అమెరికాలో అలాంటిది లేదు. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో ఒక కారు మీద అమెరికా డ్రోన్ దాడి చేసి, ఉగ్రవాదిని మట్టుబెట్టామని ప్రకటించింది. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు వీడియోలు జల్లెడపట్టి, ఆ కారు నడిపింది ఒక సహాయ సంస్థ ఉద్యోగి అని బయటపెట్టారు. సెప్టెంబర్ 17న పెంటగాన్ ఒప్పుకుంది. చనిపోయింది పది మంది పౌరులు, అందులో ఏడుగురు పిల్లలు. "ఒక్క అక్షరం బయటికి రాదు" అన్నాయన ఈ అక్షరాలను ఏమంటాడో!

పాకిస్తాన్‌లోని అబోటాబాద్ సంగతి ఇంకా తమాషా. 2011 మే 2న బిన్ లాడెన్ మీద జరిగిన దాడిని ఏ పత్రికా ముందుగా బయటపెట్టలేదు. అర్ధరాత్రి దాటాక హెలికాప్టర్ చప్పుడుకు విసుక్కుంటూ ట్విట్టర్‌లో రాసింది ఆ ఊళ్ళో ఉండే ఒక ఐటీ కన్సల్టెంట్. తాను దేని గురించి రాస్తున్నాడో అతనికే తెలియదు. పాపం, నిద్ర చెడిన మనిషి.

మనం నోరు మూసుకుంటే విషయం దాగుతుందని అనుకోవడం కూడా భ్రమే. 2019 ఫిబ్రవరి 26న పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద మన విమానాలు చేసిన దాడి గురించి మన విదేశాంగ కార్యదర్శి మాట్లాడకముందే, తెల్లవారుజామున పాకిస్తాన్ సైన్యం ప్రతినిధి తన కథ తాను ట్వీట్ చేసుకున్నాడు.

"సైన్యం చెప్పిందే వేయాలి" అన్న దగ్గర ఇందాకటి "ముగిసేదాకా"ను మళ్ళీ చూడాలి. ముగిశాక ఏం చేయాలి? 2021 డిసెంబర్ 4 సాయంత్రం నాగాలాండ్‌లోని ఓటింగ్ దగ్గర సైన్యం ప్రత్యేక దళం తీవ్రవాదుల కోసం మాటువేసింది. అటుగా వచ్చింది బొగ్గు గనిలో పని ముగించుకుని ఇంటికి పోతున్న కూలీల బండి. ఆరుగురు చనిపోయారు. బండి ఆపమంటే ఆపకుండా పారిపోబోయారని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. బతికి బయటపడిన ఒక కూలీ మాత్రం, ఎవరూ ఆపమనలేదని, నేరుగా కాల్చారని ఆస్పత్రి మంచం మీద నుంచి విలేకరికి చెప్పాడు. ఆ మాట రాసిన విలేకరి ఏ ఆపరేషన్‌ను చెడగొట్టాడు? అది అప్పటికే అయిపోయింది, అదీ తప్పుగా.

అయిపోకముందు రాయాల్సినవి కూడా కొన్ని ఉంటాయి. మన పక్కనే ములుగు జిల్లా సరిహద్దులో కర్రెగుట్టలున్నాయి. అక్కడ 2025 ఏప్రిల్, మే నెలల్లో జరిగింది మావోయిస్టుల మీద, చేసింది కేంద్ర, రాష్ట్ర పోలీసు బలగాలు. సైన్యం కాదు, అయినా ప్రశ్న ఒకటే. గుట్టల్లో బాంబులు పెట్టామని, అటు రావద్దని మావోయిస్టులు ఏప్రిల్ మొదట్లోనే లేఖ విడుదల చేశారు. అది తునికాకు కోతకు ముందు రోజుల మాట. వెంకటాపురం, వాజేడు వైపు జనం పొద్దున లేస్తే అడవిలోకే పోవాలి. బలగాలు ఎటు నుంచి ఎక్కుతున్నాయో రాయడం తప్పు. అడవిలోకి పోతే మందుపాతర పేలవచ్చని రాయకపోవడం అంతకంటే తప్పు. మండల విలేకరికి ఈ తేడా తెలుసు. ఆ ఊళ్ళలో తన చుట్టాలే ఉంటారు కాబట్టి ఇంకా బాగా తెలుసు.

"దేశద్రోహి" అన్నదానికి విడిగా జవాబు రాయను. తిట్టులో ఖండించడానికి ఏముంటుంది?

ఒక్క సంగతి మిగిలింది. 2025 మే 9న రక్షణ శాఖ ఇచ్చిన సూచన మీడియా ఛానళ్ళకు, డిజిటల్ వేదికలకు మాత్రమే కాదు, వ్యక్తులకు కూడా. సైనిక ఆపరేషన్లను, బలగాల కదలికలను అప్పటికప్పుడు బయటపెట్టవద్దని అందులో ఉంది. అదే వారంలో మా గ్రూపులో ఒక వీడియో పడింది. కాజీపేట జంక్షన్, ప్లాట్‌ఫామ్ చివర నుంచి తీసింది. పచ్చ టార్పాలిన్లు కప్పిన బండ్లతో మిలిటరీ రైలు పోతోంది. తీస్తున్నాయన వెనక నుంచి బోగీలు లెక్కపెడుతున్నాడు, ఎటు పోతోందో కూడా చెప్తున్నాడు. పంపింది మన వాకింగ్ మిత్రుడే. నిన్న వెతికి చూశాను. వీడియో ఇంకా అక్కడే ఉంది, కింద వరసగా జెండా బొమ్మలు. మొదటి జెండా మా బావమరిదిది.