పట్ట కింద బ్రేక్ లైటు

తెల్లవారుజామున అయిదున్నర. కావలి నుంచి ఒంగోలుకు బైక్ మీద వస్తున్నాను. ఉలవపాడు దాటాక ముందు ఒక పికప్ పొగాకు బేళ్లతో వెళ్తోంది. బేళ్ల మీద నీలం టార్పాలిన్ పట్ట కప్పి, మోకులు బిగించారు. పట్ట అంచు వెనక డోరు మీదుగా నంబర్ ప్లేటు దాకా వేలాడుతోంది. దాని మాటున కుడి మూల ఎర్రగా ఏదో మినుకుమంటోంది, అంతే. ఉన్నట్టుండి బండి నా మీదికే వస్తున్నట్టు అనిపించింది. అది స్లో అయిందని నాకు తెలిసింది బ్రేక్ లైటు చూసి కాదు, మధ్యలో ఖాళీ తగ్గిపోవడం చూసి. ఎలాగో పక్కకు తప్పుకున్నాను.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తాం. ముందు బండి ఆగుతున్న సంగతి ఒక్క సెకను ఆలస్యంగా తెలిసినా, మన చెయ్యి బ్రేకు మీద పడకముందే ఆ 17 మీటర్లు అయిపోతాయి.

దీనికి రూలు లేదనుకుంటే పొరపాటు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం చీకటి వేళ వెనక ఎర్ర లైటు 155 మీటర్ల నుంచి కనబడాలి. నంబరు 15 మీటర్ల నుంచి చదవడానికి వీలుండాలి. 2017 దాకా అమల్లో ఉన్న 1989 నాటి రోడ్డు నియమాలు ఇంకా సూటిగా చెప్పాయి: సరుకు వల్ల ఏ లైటూ, నంబరూ మరుగున పడకూడదు; పడితే అలాంటిదే ఇంకొకటి కనబడే చోట పెట్టాలి. ఆ రెండో ముక్క రాసినవాళ్లకు లోడు బండి సంగతి తెలుసు. పట్ట కప్పొద్దని అనలేదు, పట్ట బయట ఇంకో లైటు పెట్టుకోమన్నారు.

ఆ ముక్కనే ఎవరూ పట్టించుకోవడం లేదు. రవాణా బండికి 8 ఏళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అయితే ఫిట్‌నెస్‌కు ఎవరూ బేళ్లు వేసుకుని వెళ్లరు. ఖాళీ బండికి లైట్లన్నీ భేషుగ్గా కనబడతాయి. ఇక రోడ్డు మీద తనిఖీ అంటే ముందు ఓవర్‌లోడ్, తర్వాత బయటికి పొడుచుకొచ్చిన సరుకు. 2019 సవరణతో దానికి 20,000 రూపాయల జరిమానా పెట్టారు. వేలాడే పట్ట మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ని మన జనం ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’ అనే పిలుస్తారు; ఆయన చూడాల్సిన బ్రేక్ లైటు మాత్రం పట్ట కిందే ఉండిపోతోంది.

రిఫ్లెక్టర్ టేపు ఉంది కదా అంటారు. ముందు ఏదో బండి ఉందని టేపు చెబుతుంది, అది ఆగుతోందని చెప్పదు. పైగా ఆ టేపు కూడా అదే డోరు మీద, అదే పట్ట కింద ఉంది.

సింగరాయకొండ దాటాక టీ కొట్టు దగ్గర ఆ పికప్ మళ్లీ కనబడితే డ్రైవర్‌ని అడిగాను. టంగుటూరు వేలానికి వెళ్తున్నాడట. “లైటు వెలుగుతానే ఉంది గదన్నా. బేలు తడిస్తే గ్రేడు పోద్ది, రైతు నన్ను ఊరుకుంటాడా?” అన్నాడు. అతని మాటలో తప్పేం లేదు. తడిస్తే నష్టం ఎవరికో అతనికి తెలుసు, లైటు కనబడకపోతే అడిగేవాడు లేడు. పాత లైటు వైరు నుంచే రెండు ఎల్ఈడీ లైట్లకు కనెక్షన్ లాగి, లోడు వేశాక మోకుకు తగిలించుకునేలా చేయడం ఆటో ఎలక్ట్రీషియన్‌కు పెద్ద పనేం కాదు. వేలం కేంద్రాల గేటు దగ్గర బండ్లు ఎలాగూ వరసలో ఆగుతాయి. అధికారులు అక్కడ నిలబడి లోడుతో ఉన్న బండిని వెనక నుంచి ఒకసారి చూస్తే చాలు.

నేను చెప్పింది విని, డ్రైవర్ పట్ట అంచు పైకి మడిచి మోకు కిందికి దోపాడు. టంగుటూరు చేరేలోపే గాలికి అది మళ్లీ కిందికి జారి ఉంటుంది.